గోరింకలకు చెప్పిన వార్తలు

నీళ్ళ మీటర్లు చూసి అంకె రాసుకుపోయే ఉద్యోగంలో తల నెరిసిన మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ని మీటరు బాబాయి అనేది. ఉద్యోగం అయిపోయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఏ వీధిలో నడిచినా ఏదో ఒక గుమ్మంలోంచి, మా మీటరు మరీ పరుగెత్తుతోంది బాబాయ్ అని ఎవరో ఒకరు వేళాకోళం ఆడేవాళ్ళు. స్నానంలో పాటలు తగ్గించుకోండి, అదే నెమ్మదిస్తుంది అని ఆయనా అనేసి పోయేవాడు.

మీటర్లు ఇంటి ముందు ఉండవు. పెరట్లో, గిన్నెలు తోమే గట్టు కిందో, స్నానాల గది గోడ వారనో ఉంటాయి. అంటే మీటరు చూసే మనిషికి ముందుగా కనిపించేది ఇంటి వీపే. ముందు గదిలో నవ్వుతూ కుర్చీ వేసేవాళ్ళు వెనకవైపు ఎలా ఉంటారో ఆయనకు తెలుసు. తీగ మీద ఆరేసిన చొక్కాల చిరుగులు, కుళాయి విప్పి ఆ చప్పుడులో ఏడ్చుకునే కోడలు, కొడుక్కి తెలియకుండా చుట్ట కాల్చుకునే ముసలాయన, అన్నీ కంట పడేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పాడు. "మూత ఎత్తు, అంకె చూడు, మూత దించు. ఇంకేమీ నువ్వు చూళ్ళేదు." మీటరు బాబాయి ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాట జవదాటలేదు. ఫలానా వాళ్ళింట్లో ఏం జరుగుతోందట అని భార్య అడిగినా, నాకు అంకెలు తప్ప ఏమీ ఆనవు అనేవాడు.

అలాంటి మనిషి చేతిలో కలం పెట్టినవాడు ప్రెస్సాయన. శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేస్తూ, వారానికోసారి నాలుగు పేజీల ఊరి పత్రిక కూడా తెచ్చేవాడు. దానిలో మూడో పేజీ కింద ఎప్పుడూ కాస్త జాగా మిగిలిపోయేది. ఒకరోజు టీ కొట్టు దగ్గర మీటరు బాబాయి పిచ్చుకల గురించి, పెరిగిన రొట్టె ధర గురించి ఒకే ఊపిరిలో కలిపి చెబుతుంటే విని, ఇదే కాస్త కాగితం మీద పెట్టండి, నా జాగా నిండుతుంది అన్నాడు.

అలా మొదలైంది 'పెరటి కబుర్లు'. రాయడం ఇంత తేలికని బాబాయి అనుకోలేదు. పొద్దున్నే లేచి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, టీ గ్లాసు పట్టుకుని పెరటి గోడ నీడన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. పిచ్చుకలు మట్టిలో పొర్లి స్నానం చేస్తుంటే, కుళాయి రాని వారం మనకూ ఇదే గతి అని రాసేవాడు. పావురాల జంట పుల్ల కోసం పోట్లాడుకుంటే, కౌన్సిలు సభ్యులు కుర్చీల కోసం పడే పాట్లు కలిపేవాడు. రాసినది ముందు భార్యకు చదివి వినిపించడం అలవాటు. కూరగాయలు తరుగుతూనే ఆవిడ వినేది. ఎక్కడైనా కత్తి ఆగితే అక్కడ ఏదో తేడా ఉందని ఆయన లెక్క. ఆ వాక్యం కొట్టేసేవాడు.

గోడ అవతలి ఇల్లు ఒక బస్సు డ్రైవరుది. ఏళ్ళ తరబడి నది అవతలి ఊళ్ళకు బస్సు నడిపిన మనిషికి కిందటేడు పక్షవాతం కొట్టి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. ఆయన భార్యను బాబాయి అక్కయ్యా అని, ఆవిడ ఈయన్ని తమ్ముడూ అని పిలుచుకునేవాళ్ళు. రక్తసంబంధం ఏమీ లేదు, గోడ సంబంధమే. బాబాయి భార్య కాలు విరిగి మంచాన ఉన్నప్పుడు ఈ ఇంటి వంట ఆ గోడ మీది నుంచే వచ్చింది. గిన్నె గోడ మీద పెట్టి, గరిటెతో ఒక దెబ్బ కొట్టి, ఈయన వచ్చేలోగా ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది. ఎదురుపడితే మొహమాటపడతాడని.

డ్రైవరుగారికి జబ్బు చేశాక ఆవిడకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. రోజూ పొద్దున పేపరు పట్టుకుని పెరటి గట్టు మీద కూర్చుని, గోడ మీద వాలిన గోరింకలకు రొట్టె తుంచి వేస్తూ వార్తలు చెప్పేది. గొంతు కూడా చిన్నది కాదు. గోడకు ఇవతల గ్లాసు పట్టుకుని కూర్చున్నాయనకు ఒక్క ముక్క పోకుండా వినబడేది.

"ఏమే పసుపుకాళ్ళదానా, నది మీద వంతెన ఈ ఏడూ అవదట. మంత్రిగారు మళ్ళీ వచ్చి మళ్ళీ చూసి వెళ్ళారట. మీకేం, రెక్కలున్నాయి, పోతారు. బస్సులే పాపం మిల్లు మీదుగా చుట్టు తిరగాలి. ఆ మిల్లు దగ్గర మలుపు ఎలాంటిదో నీకేం తెలుసు."

ఆవిడ వార్తల్లో బస్సులే ఎక్కువ. ఏ రూటు రద్దయింది, ఏ డిపోలో సమ్మె, టిక్కెట్టు ఎంత పెరిగింది. గోరింకలకు బస్సు టైములు ఎందుకో అని బాబాయికి నవ్వు వచ్చేది. పాపం, ఒంటరితనంతో కాస్త అటూ ఇటూ అయిందేమో అనుకునేవాడు. డ్రైవరుగారు ముందు గదిలో పడుకుని ఉంటాడని, ఆయనకు లోకం తెలియదని ఆయన నమ్మకం. వెళ్ళి చూసి చాలా రోజులైంది.

ఒక వారం రాయడానికి ఏమీ తోచలేదు. పిచ్చుకలు కూడా కొత్తగా ఏమీ చేయలేదు. ప్రెస్సాయన మధ్యాహ్నంలోగా పంపమని కబురు పెట్టాడు. బాబాయి కలం పట్టుకుని గోడ వైపు చూశాడు. పెద్దాయన చెప్పిన మూత దించే మాట ఆయనకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. ఇది ఉద్యోగం కాదుగా అనుకున్నాడు.

ఊరూ పేరూ లేకుండానే రాశాడు. ఒక పెద్దావిడ అన్నాడంతే. రెక్కలున్న ప్రయాణికులకు బస్సు టైములు చెప్పే విచారణ కౌంటరు మా వీధిలో మాత్రమే ఉంది అని రాశాడు. ఆవిడ గోరింకను గదమాయించే తీరు, మంత్రిగారి మీద విసుర్లు, అచ్చం ఆవిడ మాటల్లోనే పెట్టాడు. చివరికి ఒక వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంది. 'ఇంట్లో బదులు పలికే మనిషి లేనప్పుడు, గోడ మీద వాలినదల్లా చుట్టమే.' ఆ వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే, తనే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

ఆ వారం భార్యకు వినిపించలేదు. టైము లేదనుకున్నాడు. ఆవిడ వంటింట్లోనే ఉంది.

పత్రిక వచ్చిన పొద్దున బాబాయి మామూలుగా గోడ నీడన కూర్చున్నాడు. అక్కయ్య ఎప్పుడూ తన కబుర్లే ముందు చదువుతుందని ఆయనకు తెలుసు. మా తమ్ముడు ఏం రాశాడో వినండే అని గోరింకలకు చెప్పి మరీ చదివేది. ఆ రోజూ అలాగే మొదలుపెట్టింది. విచారణ కౌంటరు దగ్గర పకపకా నవ్వింది. ఆ నవ్వు విని గోడ ఇవతల ఈయన పొంగిపోయాడు. ఇంకో రెండు వాక్యాలు నవ్వుతూనే చదివింది. తరువాత చదవడం ఆగిపోయింది. పొయ్యి మీద ఏదో పొంగి లోపలికి వెళ్ళి ఉంటుందిలే అనుకుని ఈయన టీ తాగేసి లేచాడు.

ఊళ్ళో పేరు మోగిపోయింది. క్షవరానికి వెళితే మంగలాయన కత్తెర ఆపి ఆ చివరి వాక్యం ఒప్పజెప్పాడు. పత్రిక కాపీలు చాల్లేదని ప్రెస్సాయన టీ ఇప్పించాడు. పేరు రాయకపోతేనేం, ఈ వీధిలో పొద్దున్నే గోరింకలతో మాట్లాడే పెద్దావిడలు ఎంతమంది ఉంటారు? రెండు రోజులు తిరక్కుండా ఆవిడకు గోరింకమ్మ అని పేరు పడిపోయింది. ఇళ్ళ వెనక సందులోంచి పనులకు పోయేవాళ్ళు ఆ గోడ దగ్గర నడక తగ్గించడం మొదలుపెట్టారు. ఎవడో ఈల వేసి, మిల్లు బస్సు ఎన్నింటికమ్మా అని అడిగి పరుగెత్తాడు.

పెరట్లో వార్తలు ఆగిపోయాయి. గోరింకలు మాత్రం వేళకు వచ్చి గోడ మీద వరసగా కూర్చునేవి. కాసేపు మెడలు అటూ ఇటూ తిప్పి, తమలో తాము తగువులాడుకుని ఎగిరిపోయేవి. బాబాయి చూస్తూనే ఉన్నాడు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది అనుకున్నాడు. అక్కయ్య తనమీద అలిగిందేమో, ఏదైనా పట్టుకెళ్ళి నవ్విస్తే పోతుంది అనుకున్నాడు. కానీ వెళ్ళలేదు.

భార్యకు సంగతి దుకాణంలో తెలిసింది. ఇంటికొచ్చి సంచీ దించి, పత్రిక తీసి నిలబడే చదివింది. నవ్వలేదు, కేకలూ వెయ్యలేదు. "ఇది నాకెందుకు వినిపించలేదు?" అంది. ఆయన ఏదో గొణిగాడు. "వినిపిస్తే వద్దంటానని తెలుసు కాబట్టి" అని ఆవిడే జవాబు చెప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని దేవుణ్ణి తలుచుకుందామంటే మనసు నిలవలేదు. ఏమని తలుచుకోవాలో తెలియలేదు.

అసలు దెబ్బ ఇంకా తగల్లేదు. అది మర్నాడు తగిలింది.

డ్రైవరుగారికి చేయీ కాలూ ఆడించి వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియో అమ్మాయి స్కూటరు మీద వచ్చేది. ఈ ఊరికి కొత్త. ఎవరు ఎవరో ఆమెకు అంతగా తెలియదు. ఆ రోజు పని ముగించుకుని వెళుతూ గేటు దగ్గర నిలబడ్డ మీటరు బాబాయిని చూసి బండి ఆపింది.

"బాబాయ్ గారూ, పక్కింటివాళ్ళు మీకు బాగా కావలసినవాళ్ళట కదా. మీరొకసారి ఆవిడకు చెప్పాలి. పెద్దాయన జావ కూడా తాగడం లేదు. పళ్ళు బిగబట్టేస్తున్నారు."

ఏమయింది అని అడిగాడు ఈయన. ఆ అమ్మాయి హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని అంతా చెప్పింది. మనిషితో రోజూ మాట్లాడుతూ ఉండమని మొదట్లో తనే ఆవిడకు చెప్పిందట. ఆవిడ మంచం దగ్గర కూర్చుని మాట్లాడితే, ఆయన బదులు చెప్పబోయి, మాట రాక, కళ్ళనీళ్ళు కారుస్తూ గోడ వైపు తిరిగిపోయేవాడట. ఎదురుగా ఉన్న మనిషికి జవాబు ఇవ్వలేకపోవడం ఆయనకు భరించరాని అవమానం. ఒకరోజు ఆవిడ పెరట్లో పిట్టల్ని అదిలిస్తూ ఏదో అంటుంటే, ముందు గదిలో ఉన్న ఆయన తల అటు తిప్పి విన్నాడు. అప్పుడు ఆవిడకు దారి దొరికింది. మంచం వెనక గది కిటికీ దగ్గరికి మార్పించింది. తను పెరట్లో కూర్చుని పిట్టలకు చెబుతున్నట్టు ఆయనకు అన్నీ చెప్పేది. పిట్టలకు ఎవరూ బదులు చెప్పక్కర్లేదు కదా. ఆ మాటలు వింటూ ఉంటే పక్కన నేను చెంచాతో పెట్టినంతా మింగేవారు అంది.

"ఎవరో పేపర్లో ఎగతాళి చేసి రాశారట. అప్పట్నుంచీ ఆవిడ నోరు తెరవడం లేదు. ఎవరై ఉంటారండీ?"

నేనే అనడానికి బాబాయి నోరు తెరిచాడు. "కనుక్కుంటానమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి చల్లని మనిషి. మీకు పుణ్యం ఉంటుంది అని చెప్పి మరీ వెళ్ళింది. బాబాయి గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పత్రిక వచ్చిన పొద్దున నవ్వు మధ్యలో ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. గోరింకలకు బస్సు టైములు ఎందుకో కూడా తెలిసింది. వంతెన, మిల్లు మలుపు, రద్దయిన రూటు, అవన్నీ మంచాన పడ్డ డ్రైవరుకు చెప్పిన కబుర్లు. తను గోడకు చెవి ఒగ్గి విన్నది భార్యాభర్తల మాటలు. విని, అచ్చు వేయించి, ఊరికి పంచాడు.

సాయంత్రం వెళ్ళాడు. భార్య, నేనూ వస్తానంది. వద్దు, నేను చేసింది నేనే మొయ్యాలి అన్నాడు. అక్కయ్య తలుపు తీసి, ఎప్పటిలాగే, "రా తమ్ముడూ" అంది. కూర్చోమని, టీ పెట్టడానికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ టీ చేతిలోకి తీసుకున్నాక ఎక్కడ చూడాలో ఆయనకు తోచలేదు.

వెనక గది తలుపు తెరిచే ఉంది. డ్రైవరుగారి మంచం కిటికీని ఆనుకుని ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే పెరటి గట్టు, గోడ, గోడ మీద బూజు పట్టిన పెంకు ముక్కలు కనిపిస్తున్నాయి. గోడకు అవతల తన పీట ఉంటుంది. ఇక్కడ్నుంచి కనబడదంతే. డ్రైవరుగారు కళ్ళు తెరిచి చూశాడు. చూపులో ఏ లోపమూ లేదు. ఆ కళ్ళకు అన్నీ తెలుసు.

"బావగారూ, నన్ను క్షమించండి" అన్నాడు బాబాయి.

ఆయన మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఎదుటి మనిషి మాటకు బదులు ఇవ్వాల్సి వచ్చినప్పుడు అలా తిప్పుకుంటాడని ఆ అమ్మాయి చెప్పింది గుర్తొచ్చి, క్షమాపణ అడగడం కూడా ఆ మనిషిని బాధ పెట్టడమే అయిందని బాబాయి గ్రహించాడు.

అక్కయ్య ఆయన్ని బయటి గదిలోకి తీసుకొచ్చింది. పమిట కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ నెమ్మదిగా చెప్పింది. "నువ్వు రాసిన దాంట్లో అబద్ధం లేదు తమ్ముడూ. అదే బాధ. సగందాకా నేనూ నవ్వాను. ఎవరో పిచ్చిది కాబోలు అనుకున్నాను. ఆయన కూడా కిటికీలోంచి నా నవ్వు వింటున్నారు. నా మాటలు నేనే చదువుతున్నానని నాకు తెలిసేసరికి ఆయనకూ తెలిసిపోయింది."

చివరి వాక్యం చదివారా అని అడిగే ధైర్యం ఈయనకు లేదు. ఆవిడే చెప్పింది. "ఆఖరు మాట పైకి చదవలేదులే. పత్రిక దాచేశాను."

మళ్ళీ మామూలుగా మాట్లాడమని, జనం నాలుగు రోజుల్లో మర్చిపోతారని ఈయన ఏదో బతిమాలబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను కోపంతో మానలేదు, కూర్చుంటే గొంతు పెగలడం లేదు అంది. నోరు తెరిస్తే, ఈ మాట ఎవరు వింటున్నారో, ఎలా వినబడుతుందో అనే ముందు తోస్తోందట. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఒకే ఒక్కటి అడిగింది. తమ గురించి మంచిగా కూడా ఇంకేమీ రాయవద్దని.

ఆ మాట ఎందుకు అడిగిందో ఇంటికి చేరేలోపే ఆయనకు అర్థమైంది. కిటికీ, మంచం, చెంచా పట్టుకున్న అమ్మాయి, పిట్టల వంకతో మొగుడికి కబుర్లు చెప్పే ఇల్లాలు, ఇవన్నీ దారిలో ఆయన మనసులో వరసగా కూర్చుని, ఒక చక్కని మొదటి వాక్యం తయారై ఉంది. ఆయన వీధి మధ్యలో ఆగిపోయాడు. తనలో ఇంకా రాసుకుంటున్న ఆ మనిషిని చూసి తనకే రోత పుట్టింది. ఆ వాక్యం ఏమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్యక్కూడా.

మర్నాడు ప్రెస్సాయన ఇంటికే వచ్చాడు. గోరింకమ్మ రెండో భాగం కావాలట, జనం అడుగుతున్నారట. ఇక రాయనని బాబాయి అంటే మొదట హాస్యం అనుకున్నాడు. ఎంత గుచ్చి అడిగినా కారణం చెప్పకపోయేసరికి, నాలుగు మెచ్చుకోళ్ళు రాగానే బాబాయికి కొమ్ములొచ్చాయి అని నొచ్చుకుని వెళ్ళిపోయాడు. కారణం చెబితే అదే ఇంకో కబురు అవుతుంది. అందుకని కొమ్ములు మొలిచిన మనిషిగానే ఉండిపోయాడు.

కానీ ఊరికే ఉండలేకపోయాడు. ఒక పొద్దున పేపరు పట్టుకుని, ముక్కాలిపీట ఎక్కి, గోడ మీదుగా తల పెట్టి నిలబడ్డాడు. కిటికీ అవతల ఒక మనిషి వార్త లేక ఆకలితో ఉన్నాడు. తనకు గొంతుంది, పేపరుంది. ఊరు నవ్వితే నవ్వనీ, ఆ నవ్వు తనకు రావలసిందే.

"ఒరే గోరింకా" అని మొదలుపెట్టాడు. గోరింకలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఆయన ఆపలేదు. డిపోలో సమ్మె ముగిసిందని, కొత్త బస్సులు వస్తున్నాయని ఖాళీ గోడకు గట్టిగా చదివి చెప్పాడు. సందులో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి, బాబాయికి కూడా పట్టింది అని పడీపడీ నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా గొంతు పెంచాడు.

పెరటి తలుపు తీసుకుని అక్కయ్య వచ్చింది. అన్ని రోజుల తరువాత ఆవిడ పెరట్లోకి రావడం అదే మొదలు.

"ఆపు తమ్ముడూ. నీ గొంతు విని ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నారు."

పేపరు పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది. తనేదో ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాననుకున్నాడు. చేసిందల్లా ఇంకోసారి ఆ ఇంట్లోకి తల దూర్చడం.

"మరి నన్నేం చెయ్యమంటారు అక్కయ్యా? పొద్దుటి పూట పెరట్లోకి రాను. తలుపేసుకుని లోపల కూర్చుంటాను."

"తలుపు వెనక ఉన్నావనే అనుకుంటాను" అంది ఆవిడ. అనడానికి ఆవిడకూ కష్టంగానే ఉంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నేల వంక చూసింది. "ఆ కాసేపూ నువ్వు ఇంట్లో ఉండకు. ఎక్కడున్నావో నాకు కనబడాలి. తప్పుగా అనుకోకు."

తప్పుగా అనుకోకు అని ఆవిడ తనతో అనడమే ఆయనను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది.

ఆ రోజు నుంచి పొద్దున టీ తాగగానే మీటరు బాబాయి ఇల్లు విడిచి బయలుదేరేవాడు. వెనక సందు వీధిలో కలిసే చోట ఒక సైకిలు మరమ్మతు దుకాణం ఉంది. అక్కయ్య తన ముందు గేటులోంచి తొంగి చూస్తే ఆ మూల స్పష్టంగా కనబడుతుంది. అక్కడ నిలబడడం మొదలుపెట్టాడు. దుకాణంలో రేకు మీద సుత్తి దెబ్బలు, వీధిలో లారీలు, ఆ రొదలో పక్క మనిషి పలకరిస్తేనే సరిగ్గా వినబడదు. ఇక ఏ పెరటి మాట చెవిన పడుతుంది? అందుకే ఆయనకు ఆ చోటు నచ్చింది. సైకిళ్ళాయన ఏమీ అడగలేదు. రెండో రోజు ఒక పాత టైరు తుడిచి, దానిమీద గోనెసంచి పరిచి, కూర్చోండి, కాళ్ళు లాగుతాయి అన్నాడు. అడగకుండా మనుషులు చేసే ఇలాంటి మేలు చూస్తే అంతకుముందైతే బాబాయి చేతులు కలం కోసం వెతికేవి. ఇప్పుడు గోనెసంచి మీద కూర్చుని, దేవుడా, ఈయన్ని చల్లగా చూడు అనుకుని ఊరుకున్నాడు.

కూర్చున్నందుకు పని కూడా దొరికింది. పనిమీద సందులోంచి పోయేవాళ్ళు ఎటూ పోతారు, వాళ్ళు ఆగరు. ఆగడానికి వచ్చేవాళ్ళ నడకే వేరు. వాళ్ళను చూడగానే లేచి, ఈ పూట ఇటు వద్దు నాయనా, ఆ వీధిలోంచి వెళ్ళండి అని చేతులు జోడించేవాడు. సందు నీదా అని కొందరు ఎదిరించేవాళ్ళు. కాపలా ఉద్యోగం దొరికిందా బాబాయ్ అని కొందరు సాగదీసేవాళ్ళు. ఎవరికీ సంజాయిషీ ఇచ్చేవాడు కాదు.

అక్కయ్య మొదటి రెండు పొద్దులూ గేటు దగ్గరికి వచ్చి, ఈయన మూలన ఉన్నాడని చూసి లోపలికి వెళ్ళింది. తరువాత ఏమవుతోందో ఆయనకు తెలియదు. ఇంటికి వెళ్ళాక భార్య మొహం చూసేవాడు. ఆవిడ వంటింటి కిటికీ కూడా ఆ వేళకు మూసి, కుళాయి విప్పి గిన్నెలు తోముకునేది. తనకూ తెలియదని ముందే చెప్పేసింది. అడిగితే తెలుసుకోవచ్చు. అడిగే హక్కు ఆయన పోగొట్టుకున్నాడు.

ఒక ఉదయం పక్క ఊరి నుంచి ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఉతికిన బట్టలు, చేతిలో మడిచిన పత్రిక. సరదా మనిషి. సందు మొదట్లోనే నిలబడి, గోరింకలతో మాట్లాడే ఆవిడ ఇల్లు ఇటేనా అని బాబాయినే అడిగాడు. అంత బాగా రాసినాయన ఎవరో కూడా చూసి పోవాలని ఉంది అన్నాడు. తమ ఇంట్లో ఆ కబుర్లు వచ్చినవారం వచ్చినట్టు కత్తిరించి దాచుకుంటారట. అతని భార్య కూడా తల ఊపి ముచ్చటగా నవ్వింది.

అప్పుడే ఫిజియో అమ్మాయి డ్రైవరుగారి ఇంట్లో పని ముగించుకుని స్కూటరు నడిపించుకుంటూ అటు వచ్చింది. సందు మూల బండ్లు అడ్డంగా ఉండటంతో ఆగింది. నలుగురూ ఒకచోటే నిలబడిపోయారు.

బాబాయికి ఆ అమ్మాయిని చూడగానే గేటు దగ్గర తను చెప్పిన 'కనుక్కుంటానమ్మా' గుర్తొచ్చింది. ఆ రాసినాయన ఊళ్ళో లేడని చెప్పి వీళ్ళను పంపేయడం ఎంతో తేలిక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"రాసింది నేనేనండి" అన్నాడు. "రాయకూడనిది రాశాను. ఆవిడ ఇల్లు చూపించను. దయచేసి వెళ్ళిపోండి."

వచ్చినాయన మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అలాగే కాసేపు నిలిచి, తరువాత ఆరిపోయింది. మేం చెడ్డ ఉద్దేశంతో రాలేదండీ అన్నాడు. నాకూ లేదు బాబూ అన్నాడు బాబాయి. వచ్చినావిడ భర్త మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. ఇద్దరూ వచ్చిన దారినే పోయారు.

ఫిజియో అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. బాబాయి తలెత్తలేదు. గోనెసంచి మడతలు సర్దుతున్నట్టు వంగి, ఆమె ఏ మాట అంటే ఆ మాట పడదామని ఉన్నాడు. ఆ అమ్మాయి, సైకిళ్ళాయన పక్కకు జరిపిన బండి దాటించి, స్కూటరు ఎక్కి, హెల్మెట్టు బిగించుకుంది. ఏదో చెప్పబోయి ఒకసారి పెరళ్ళ వైపు చూసింది. ఆయన కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ పెరట్లో ఏమవుతోందో తనకు చెప్పొద్దు అన్నట్టు.

ఆ అమ్మాయికి అర్థమైంది.

"రేపు కూడా ఇక్కడే కూర్చోండి బాబాయ్ గారూ" అంది. "కుదిరితే ఇంకాస్త ముందే రండి."

బండి కదిలి వీధిలో కలిసిపోయింది. లోపల సుత్తి దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి. మీటరు బాబాయి వెళ్ళి టైరు మీద కూర్చుని, సందుకు వీపు పెట్టి, మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.